అవ్వ పొయ్యి, సముద్రం మట్టి

ఆ రోజుల్లో మా ఈడు వాళ్లంతా కంప్యూటరు కోర్సుల కోసం సిటీ బస్సులెక్కి పోతుంటే, నేను మొయినాబాదులో ఒక చిన్న మట్టి పరీక్షల ల్యాబులో సున్నం కలుపుతూ కూర్చున్నాను. (ఎవరూ బలవంతపెట్టలేదు. కోర్సు ప్రవేశ పరీక్ష తప్పాను.) సముద్రం ఒడ్డున కట్టబోయే ఒక గోదాము కోసం అక్కడి బంకమట్టి సంచుల్లో మాకు వచ్చేది. తడిస్తే ఉబ్బి, ఎండితే పగిలే ఆ మట్టి ఎంత సున్నం కలిపితే గోడల బరువు మోస్తుందో తేల్చాలి. కలిపి, ముద్దలు చేసి, నాలుగు వారాలు తడి గోనెల కింద ఉంచి, యంత్రంలో నొక్కి పగలగొట్టాలి. అంత విసుగు పుట్టించే పని మరొకటి ఉంటుందని ఇప్పటికీ అనుకోను.

చివరి విడత ముద్దలు చేయబోతే సంచి ఖాళీ. ఎవరో చక్కగా మడతపెట్టి గోడవారగా ఉంచారు. నన్ను ఉద్యోగంలో ఖాయం చేయాల్సిన రోజులవి. భయపడి, వెనక చేలోంచి నల్లరేగడి తవ్వి సంచి నింపాను. రంగు అదే, జిగురూ అదే. ఎవరికి తెలుస్తుంది?

నాలుగు వారాలకు ముద్దలు రాళ్లయ్యాయి. పెద్దసారు అంకెలు చూసి రెండుసార్లు కళ్లజోడు తుడుచుకున్నారు. "సున్నం సగానికి తగ్గియ్యొచ్చయ్యా" అంటూ రిపోర్టు రాయబోయారు. అప్పుడే పక్కూరు హిమాయత్‌నగర్ నుంచి వచ్చి ల్యాబు ఊడ్చే అవ్వ చీపురుతో గుమ్మంలో నిలబడింది.

"సారూ, జర వేరే మట్టి ఉంటె ఇయ్యుండ్రి. పోయిన నెల మీరు పారేసేదనుకొని గా సంచిలది తీస్కవోయి పొయ్యి అలికిన. ఎన్నిసార్లు తుడిచినా తెల్లగ ఉప్పు పొంగుతున్నది. గా మట్టి మీద ఇల్లెట్ల కడ్తరో ఏమో."

సారుది మొయినాబాదుకు దగ్గర్లోని ప్రొద్దుటూరులో సేద్యం చేసే ఇల్లు. లేచి, ఆ ఉప్పు ఉందో లేదో చూడ్డానికి సంచి అడుగున మిగిలిన మట్టి చిటికెడు నాలుక మీద వేసుకున్నారు.

"చప్పగున్నది. ఏడిదిది?"

"వెనక చేనుది సార్."

అవ్వ నావైపు జాలిగా చూసింది. "నన్నడిగితె పొయ్యి గీకి ఇస్తుంటి గద బిడ్డా."

సారు తిట్టలేదు. "గోదాంల మనుషులు పనిచేస్తరయ్యా" అని మాత్రం అన్నారు. కొత్త మట్టి నన్నే వెళ్లి తవ్వుకు రమ్మన్నారు. ఖాయం చేసే మాట ఆరు నెలలు వెనక్కి పోయింది.

"సముద్రం ఎట్లున్నది బిడ్డా?" తిరిగొచ్చాక అవ్వ అడిగింది.

"చూడలె అవ్వా. కిందికే చూసిన."

అవ్వ పోయి చాలాకాలమైంది. సారు మొన్న పోయారు. ఇప్పుడు తీరపు మట్టి అంకెలు మరీ బాగుంటే, సంచి తెప్పించి చిటికెడు నోట్లో వేసుకుంటాను. కొత్తగా చేరిన ఇంజనీర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఎవరూ చూడట్లేదు కదా అని దిక్కులు చూస్తూ నల్లరేగడి తవ్వినవాడు గుర్తొచ్చి కాస్త నవ్వొస్తుంది. నాలుకకు ఉప్పు తగిలేదాకా ఆ నవ్వు ఆపుకుంటాను.