నూరువరహాల మొక్కలకు నేను పోసిన ఇనుము

ఆ రోజుల్లో లోకంలోని ప్రతి సంగతికీ ఒక తేదీ, ఒక కొలత ఉంటాయనీ, అవి లేనివి వట్టి మాటలనీ నేను గట్టిగా నమ్మేవాణ్ణి. (ఇప్పటికీ చాలావరకు నమ్ముతాను, ఇంట్లోవాళ్ళు నవ్వుకుంటారు.) ఇరవై రెండేళ్ళ వయసులో నిడదవోలు నుంచి కడియం వచ్చి, ఒక మొక్కల నర్సరీలో మూడు నెలల పరీక్ష మీద గుమాస్తాగా చేరాను. యజమానిని అందరూ పెద్దాయన అనేవారు. మూడో నెల మొదటి రోజున ఆయన రెండు వందల నలభై నూరువరహాల మొక్కలు నాకు అప్పగించి, "ఇవి కాకినాడ వెళ్ళాలండి. లేతాకులు పాలిపోతున్నాయి, చూశారుగా. నెలాఖరుకి లారీ వస్తుంది. అప్పటికి పచ్చబడితే మీరు ఇక్కడే ఉంటారు. లేదంటే నిడదవోలు రైలు మీకు తెలిసిందే" అన్నారు.

ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి లేతాకు పసుపు తిరిగిందంటే మొక్కకు ఇనుము చాలలేదని అర్థం. దానికి మందు పొడి డబ్బాలో వచ్చేది. నీళ్ళలో కలిపి నిల్వ ఉంచి, రోజూ కొంత పోయాలి. అంతకుముందు దాన్ని నల్లని ప్లాస్టిక్ డ్రమ్ములో ఉంచేవారు. ఎంత మిగిలిందో బయటికి కనబడని ఆ డ్రమ్మంటే నాకు సహించేది కాదు. నాలుగు పెద్ద గాజు జాడీలు తెప్పించి, గీతలు గీసిన కాగితం పట్టీలు అంటించి, గీతలు స్పష్టంగా కనబడాలని తూర్పు కిటికీలో వరసగా పెట్టాను. పొద్దుటి ఎండ వాటి గుండా వచ్చి సున్నపు గోడ మీద తేనెరంగు మరకలుగా వాలేది. కాలువ మీది గాలికి కిటికీ రెక్క ఊగితే ఆ మరకలూ మెల్లగా ఊగేవి. ఇనుము ఇంత అందంగా ఉంటుందా అనుకుంటూ, రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చునేవాణ్ణి. (సరాసరి పదకొండు నిమిషాలు. అదీ రాసుకున్నాను.)

మడులకు నీళ్ళు పోసే మామ్మ ఒకావిడ ఉండేది. జాడీలు పెట్టిన రోజునే ఆమె, "మందుకి ఎండ తగుల్తందండి బాబుగారు" అంది.

"తగిలితే ఏమవుతుంది?"

"ఏమోనండి. నాకు తగిల్తే కళ్ళు తిరుగుతాయి."

నేను నవ్వి ఊరుకున్నాను. ఆ మొక్కల్లో నలభై ఆమె మడిలో ఉండేవి. వాటికి విడిగా మందు కలిపి, మూత ఉన్న మట్టికుండలో దాచి, కొబ్బరిచిప్పతో పోసుకునేది. ఆ చిప్పకు ఎంత పడుతుందో మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ మూడు రకాలుగా వచ్చింది.

పద్దెనిమిదో రోజుకు ఆమె నలభై మొక్కలూ నిగనిగలాడాయి. నా రెండు వందలు మాత్రం మరింత పసుపు తిరిగాయి. జాడీల అడుగున తుప్పు మడ్డి పేరుకుంది. పెద్దాయన మందు డబ్బా తెప్పించి, దాని మీది కాగితం నా ముందు పెట్టారు. అంకె ఉన్న ప్రతి వాక్యం కిందా నేను గీసిన ఎర్రగీత ఉంది. గీత లేనిది ఒక్కటే: కలిపిన మందును వెలుతురు తగలకుండా ఉంచవలెను.

"దీని కింద గీత లేదేంటండి?"

"అందులో అంకె లేదండి."

ఆయన చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. నవ్వాపుకుంటున్నారని అప్పుడు నాకు తెలియలేదు. ఆకులో ఇనుముకు పని చెప్పే వెలుతురే, జాడీలో దాన్ని నీళ్ళలో కరిగి ఉండేలా పట్టి ఉంచే మందులోని కట్టును విప్పేస్తుందనీ, విడిపడిన ఇనుము తుప్పై అడుగుకు చేరితే మొక్క దాన్ని తీసుకోలేదనీ ఆ సాయంత్రం ఆయనే వివరించారు.

ఇక పన్నెండు రోజులే మిగిలాయి. మామ్మ కుండలోనే మందు కలిపి, పొద్దు వాలాక లేతాకుల మీద చల్లడం మొదలుపెట్టాము. రిజిస్టరులో 'వెలుతురు' అని కొత్త గడి గీసి, దాన్ని ఎలా కొలవాలో ఆమెనే అడిగాను.

"కళ్ళు చికిలిస్తే ఎక్కువండి, లేకపోతే తక్కువ. దానికి లెక్కేంటండి బాబుగారు?"

అలాగే రాశాను: చికిలించితిని, చికిలించలేదు.

లారీ వచ్చింది, మొక్కలు పచ్చగా వెళ్ళాయి, నేను ఆ నర్సరీలో ముప్ఫై నాలుగేళ్ళు ఉండిపోయాను. ఆ రిజిస్టరు ఇప్పటికీ నా దగ్గర ఉంది. నా మొక్కల లేతాకుల్లో మొదటిసారి పచ్చదనం తిరిగిన ఉదయం ఏదో మాత్రం అందులో లేదు. ఆ వారంలో మూడు వరసలు ఖాళీగా ఉన్నాయి. మడిగట్టు మీద నిలబడి చూస్తూ రాయడం మరిచిపోయి ఉంటాను. మొన్నొకనాడు వాటిని నింపుదామని కలం తీశాను. మూడింటిలో ఏది ఆ ఉదయమో తేల్చుకోలేక, మడిగట్టు మీది ఆ ఇరవై రెండేళ్ళ యువకుణ్ణి ఇంకాసేపు అక్కడే నిలబడి చూసుకోనిచ్చి, పుస్తకం మూసేశాను.