మస్తాన్‌బీకి చెప్పకుండా తేల్చిన లెక్క

గుంటూరు బ్రాడీపేటలో ఒక ల్యాబు మెట్ల దగ్గరికి వెళ్తే, ఒంట్లోంచి తీసిన ముక్కలు పాడవకుండా పోసే ఫార్మలిన్ వాసన ముక్కుకు తగులుతుంది. నా కళ్లు చెమర్చేది ఆ ఘాటుకేనని పక్కవాళ్లు అనుకుంటారు. ముప్పై ఏళ్లుగా మిరపకాయల మధ్య బతుకుతున్నవాణ్ని, ఘాటు నన్నేం చేస్తుంది? ఆ వాసనకు నాకు మస్తాన్‌బీ పిన్ని గుర్తొస్తుంది.

మా కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లకు ఆమె మేస్త్రి. నేను కాటా దగ్గర గుమస్తాను. చదువు ఏడో తరగతితో ఆగినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. అదొక గర్వం నాకు. ఆమె రొమ్ములో గడ్డ కనబడినప్పుడు ముక్క తీసి పరీక్ష చేయాలన్నారు. “కత్తి తగిలితే పాకుద్దంట పిన్నీ” అని షెడ్డులో ఒకావిడ భయపెట్టింది. మస్తాన్‌బీ పక్కనున్న మిర్చి టిక్కీ బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, లోపలినుంచి గుప్పెడు కాయలు తీసింది. “పైపైన చూసి సరుకు ఎట్టాంటిదో చెప్తాడా ఎవడన్నా? నేను చెయ్యి పెట్టబట్టి తాలుకాయ పుట్టిందా, ముందే ఉందా?” మర్నాడే వెళ్లి ముక్క తీయించుకుంది.

రిపోర్టు మాత్రం ఆమె చేతికి రాలేదు. కొడుకు బాజీ నాకు తెచ్చి, “అమ్మకి చెప్పొద్దన్నా” అన్నాడు. కార్సినోమా అని ఉంది, అంటే కేన్సరే. కింద గ్రేడ్ 3. మా పనిలో ఒక సరుకుకు ఒకటే అంకె, అది పడితే దాని సంగతి తేలిపోయినట్టే. “మూడో దశ. నాలుగోదే ఆఖరు” అన్నాను ధీమాగా. బాజీ ఇక డాక్టర్ల దగ్గరికి తిప్పదలచుకోలేదు. తల్లికి కొవ్వు గడ్డ అని చెప్పాడు. అలా పది రోజులు గడిచాయి.

పదకొండో రోజు ఆమె కాటా ముందు నిలబడింది. “కొవ్వు గడ్డయితే నా కొడుకు రోజూ కోడికూర ఎందుకు తెస్తన్నాడ్రా? నువ్వు నా మొహం ఎందుకు చూట్టంలా?” చెప్పేశాను. ఆమె ఏడవలేదు. “నా ఒంటి లెక్క నన్నడక్కుండా తేల్చావా? పద!” అని నన్నూ బాజీనీ ల్యాబుకు లాక్కెళ్లింది.

అక్కడి డాక్టరమ్మ కాగితం మీద గీసి చెప్పింది. తన హద్దులోనే పెరిగేది మామూలు గడ్డ, హద్దు దాటి పక్క కండలోకి చొరబడేది కేన్సర్. గ్రేడ్ అంటే ఆ కణాలు మామూలు కణాల పోలికకు ఎంత దూరమయ్యాయో చెప్పే అంకె. స్టేజి అంటే జబ్బు ఎంతవరకు పాకిందో చెప్పేది. “రెండూ వేరండీ. స్కాన్లు తీయందే స్టేజి ఎవరూ చెప్పలేరు.”

“అంటే వాడు దుడుకోడే గానీ ఊరు దాటాడో లేదో ఇంకా తెలవదు, అంతేగా?”

“అంతేనమ్మా.”

“మరి ఈ లెక్కలోడు పది రోజుల్నుంచి నన్ను పాతిపెట్టి కూచున్నాడే!”

స్కాన్లలో రెండో స్టేజి అని తేలింది. ఆపరేషన్ చేశారు, కీమో ఎక్కించారు. సగం కీమో కాగానే, కొంగైనా కప్పుకోకుండా బోడితలతో షెడ్డుకొచ్చింది. “ఏందే చూస్తారు? తొడిమ ఊడినట్టు ఊడింది, మళ్లీ మొలుచుద్ది. పని కానియ్యండి!” అయిదేళ్ల తర్వాత జబ్బు కాలేయంలో తేలినప్పుడు రిపోర్టు తనే తెచ్చి చదవమంది. “అక్కడికి పాకింది పిన్నీ. మెటాస్టాసిస్ అంటారు” అన్నాను, మొహంలోకి చూస్తూనే. సరిగ్గా పలికేదాకా ఆ మాటను నాలుగుసార్లు అనిపించుకుంది. “పేరు తెలవకుండా తిట్టేదెట్టారా?” ఆ తర్వాత కూడా ఒక సీజను పని చేసే కన్నుమూసింది.

ఆ పది రోజులు ఆమె ఆయుష్షులో ఎంత తగ్గించాయో, అసలు తగ్గించాయో లేదో నాకు తెలియదు. నాకు చేతకాని లెక్క అదొక్కటే. ఇప్పటికీ కొడుకులు కవర్లు పట్టుకొచ్చి, “అమ్మ తట్టుకోలేదన్నా, మాకు చెప్పు చాలు” అంటారు. కోప్పడతారు, బతిమాలతారు. నేను కవరు విప్పను. రెండో కుర్చీ లాగి, “ఆవిణ్ణి తీసుకురండి” అంటాను.