మౌనాన్ని కోర్టుకెక్కించిన సలోమి అక్క

ఆదివారం ఆరాధన ముగించుకొని చర్చి మెట్లు దిగుతూ సలోమి అక్క కుప్పకూలిందనీ, ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయిందనీ ఫోన్ వచ్చింది. శుక్రవారమే కదా, ఆఫీసులో "అన్నం తినకుండా పని చేస్తే నేనేం మెచ్చుకోనప్పా ఖాజా" అని నన్ను గదమాయించింది! ఆ కంఠస్వరం ఇక వినబడదన్న సత్యాన్ని హృదయం ఇంకా అంగీకరించడం లేదు.

కమలాపురం దగ్గర కూలి కుటుంబంలో జన్మించి, కడపలో ఇంజనీరింగ్ చదివి, కర్నూలులో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ స్థాపించిన ధీరురాలు ఆమె. పత్తికొండ టమోటా రైతులు ధరలూ, లారీల సమాచారమూ చెప్పుకొనే యాప్ నేనూ పనిచేసే ఆ కంపెనీదే. పెళ్లి పిలుపులు, పొలం తగాదాలు, ఇంటి రోగాలు కూడా అందులోనే నడిచేవి.

టమోటా ధర పడిపోయి రైతులు రోడ్డు మీద బైఠాయించిన కొన్నాళ్లకు ఒక ప్రభుత్వ దర్యాప్తు విభాగం నుంచి ఆదేశం వచ్చింది. యాప్ వాడే ప్రతి ఒక్కరి సందేశాలూ అప్పగించాలి. ఆ సంగతి వకీలుకు తప్ప బయట ఎవరికీ చెప్పరాదు, చెబితే శిక్ష. ఆదేశం తెచ్చిన అధికారి మర్యాదగానే మాట్లాడాడు.

"ఇచ్చేయండి మేడమ్. ఎవరికీ తెలియదు కూడా."

"తెలీదనే కదా సార్ నా భయం. ఎవరి మీద కేసుండాదో చెప్పండి, కోర్టు ఒప్పుకుంటే వాళ్లది ఇస్తాం. అందరిదీ ఇయ్యమంటే ఎట్ల?"

ఆ వారమే అక్క హైకోర్టును ఆశ్రయించింది.

రైతుల నాయకుడు రామాంజినప్ప కర్నూలు వస్తే మా ఆఫీసులో టీ తాగకుండా పోయేవాడు కాదు. వ్యాజ్యం నడుస్తున్న రోజుల్లో ఒకసారి వచ్చి, ఆమెను పరికించి చూశాడు.

"ఏమక్కా, మొగం అట్ల వాడిపోయుండాది? మా మీద కోపమా?"

"కోపం లేదప్పా. చెప్పకూడని మాటొకటి ఉండాది. నీకు అబద్ధం చెప్పలేను. అడగాకు."

ఆయన వెళ్లాక కళ్లు తుడుచుకొంది. కట్టుకున్న భర్తతో కూడా పంచుకోలేని భారమది. "నా నోటికి తాళమేసి, వాళ్లిండ్ల తలుపులు నా చేతనే తీయమంటాండారు ఖాజా" అంది.

కేసు సాగినకొద్దీ మాకు ప్రభుత్వ పనులు చేజారాయి. ఉద్యోగులు కొందరు వెళ్లిపోయారు. రాజీ పడమని శ్రేయోభిలాషులే హితవు చెప్పారు. అక్క చలించలేదు. "కంపెనీ మూతపడితే పడనీ. మనల్ని నమ్మి చెప్పుకున్న మాటల్ని అప్పజెప్పినాక తెరిచి ఏం లాభం?" అనేది.

చివరికి న్యాయస్థానం ఆ ఆదేశాన్ని కొట్టివేసింది; గోప్యత షరతునూ తొలగించింది. నిర్దిష్టమైన కేసు ఉంటే, ఫలానా వ్యక్తి గురించి కారణాలు చూపి మళ్లీ అడగవచ్చునంది. మరునాడే అక్క పత్తికొండ మార్కెట్‌కు వెళ్లి, టమోటా బాక్సుల మధ్య నిలబడి, మళ్లీ అడగవచ్చన్న ఆ చివరి మాటతో సహా అంతా చెప్పేసింది.

"ఇన్నాళ్లు మాకెందుకు చెప్పలేదు?" అని ఒక రైతు మండిపడ్డాడు.

"చెప్పింటే నన్ను లోపలేసేటోళ్లు. మీ తరఫున నిలబడేదానికి ఎవరూ ఉండరని నోరు మూసుకున్నా. శానా కోపముంటే తిట్టండి, పడతా."

తిట్టినవాళ్లూ లేకపోలేదు. రామాంజినప్ప మాత్రం జనాన్ని తోసుకుంటూ వచ్చి, ఆమె రెండు చేతులూ పట్టుకొని, "ఒక్కదానివే మోసినావు కదక్కా" అని ఏడ్చేశాడు.

అధికారానికి తలవంచక, చట్టాన్ని ధిక్కరించక, చట్టంతోనే న్యాయం సాధించిన అటువంటి ధర్మనిష్ఠ మా సీమకు మళ్లీ ఎప్పుడు దక్కుతుందో! ఆ లోటు పూడ్చలేనిది. ఆ పుణ్యమూర్తికి నా అశ్రునివాళి.

సమాధి దగ్గర నుంచి తిరిగి వస్తుంటే ఆమె భర్త నా భుజం మీద చేయి వేశారు. "ఇంకోసారి అట్లాంటి ఆదేశమొస్తే ఎవరు నిలబడతారు ఖాజా?"

"మేం నిలబడతాం బావా" అన్నాను. ఆ మాటను వెనక్కి తీసుకోను.