ముప్పై ఒక్క పలక ముక్కలు

ఇరవై రెండేళ్ళుగా ఒక తప్పుడు లెక్క మోస్తున్నాను. తర్లుపాడు చుట్టుపక్కల నా లెక్కకు మంచి పేరు. బడికి పోకుండా నేర్చుకున్న లెక్క. చేను కొలవాలన్నా, తవ్విన మట్టి తేల్చాలన్నా నన్నే పిలుస్తారు. పిలిచినప్పుడల్లా మామ గుర్తుకొస్తాడు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

మామ అంటే మా అమ్మకు అన్న. గొర్రెల కాపరి. అరవై దాటాక ఉబ్బసం ముదిరి ఒక చలికాలమంతా మంచం పట్టాడు. లేచేసరికి కాళ్ళలో పస లేదు. రోజూ నడిపిస్తే కాళ్ళు తిరిగి వస్తాయన్నాడు వైద్యుడు. మామకు ఒకటే ఆశ: ఎండాకాలం మందతో నల్లమల ఎక్కాలి. కొండ మొదటి ఎక్కుడు ఆరువందల అడుగులని నేనే లెక్కగట్టి చెప్పాను. అన్ని అడుగులు కూర్చోకుండా నడవగలిగితే పోతానన్నాడు.

గొర్రెల దొడ్డి చుట్టూ తిరిగేవాడు. ఇరవై వరకే ఆయనకు లెక్క వచ్చు. ఇరవై కాగానే చెయ్యి ఎత్తేవాడు. మాట్లాడడానికి ఊపిరి చాలదు. నేను తువ్వాలులో ఒక పలక ముక్క వేసేవాణ్ణి. ముప్పై ముక్కలు పడాలి. మొదటిరోజు తొమ్మిది పడ్డాయి. నెల తిరిగేసరికి ఇరవై రెండు.

అప్పుడే నాకు పలకల గనిలో కొలతలు చూసే పని దొరికింది. మామ కొండకు పోతే తోడుగా నేను పోవాలి. రెండు నెలలు. పని ఇంకొకడికి పోతుంది. ఈ సంగతి ఆయనకు చెప్పి ఉంటే ఏమనేవాడు? పోరా, ఇంకొకణ్ణి చూసుకుంటాలే అనేవాడేమో. అడగలేదు. ఆయన చెయ్యి ఎత్తినప్పుడు కొన్ని ముక్కలు తువ్వాలులో వేయకుండా నా రొండిలో దోపుకోవడం మొదలుపెట్టాను.

చివరి రోజు చాలాసేపు నడిచాడు. చెమటతో కూలబడి తువ్వాలు లాక్కున్నాడు.

"ఎన్నిరా అల్లుడా?"

"ఒక ఇరవై, పైన నాలుగు, మామా."

"అంతేనా? ఈపొద్దు కొండెక్కి దిగినట్టుండాదే! నువ్వు గాని నిద్రపోయినావేందిరా?"

"లేదు మామా. చూడు, ముక్కలు నీ ముందరే ఉండాయి గదా."

వేలితో ఒక్కొక్కటే జరిపి చూసుకున్నాడు.

"రాళ్ళకేం తెలుసురా అబద్ధం. నా కాళ్ళే నాకు అబద్ధం చెప్తుండాయి. ఇంక చాల్లే."

మరునాడు నడవలేదు. ఆ మరునాడూ లేదు. మంద వేరేవాళ్ళతో కొండకు పోయింది. నేను గనికి పోయాను. వానాకాలం వచ్చేసరికి ఆయన్ను మంచం మీంచి లేపడానికి ఇద్దరం కావలసి వచ్చింది. మూడేళ్ళు అలాగే ఉండి కన్నుమూశాడు.

ఉబ్బసం మనిషి, కొండ మీదే ప్రాణం పోయేదేమో, ఆపి మంచే చేశానేమో? ఇన్నేళ్ళూ ఈ సాకు పట్టుకుని బతికాను. కానీ ఆ పూట నేను తలచుకున్నది ఆయన ఊపిరిని కాదు, గని పనిని. నడవగలిగిన మనిషికి నడవలేవని లెక్క చూపించాను. ఆయన నా లెక్కను నమ్మి తన కాళ్ళను నమ్మడం మానేశాడు. దీనికి క్షమాపణ ఎవరిని అడగను? ఇచ్చేవాడు లేడు.

అయినా ఇది చెబుతుంటే గుండె తేలికపడుతోంది. సరైన లెక్క ఇన్నాళ్ళకు బయటికి వచ్చింది. ఆరోజు తువ్వాలులో ఇరవై నాలుగు ముక్కలు. నా రొండిలో ఏడు.

ముప్పై ఒకటి, మామా. ఎక్కుడు దాటినావు.