రెండు క్యాలెండర్లు, ఒకే ఫోల్డర్

కమల ఏ తప్పూ చేయలేదు. కంప్యూటర్‌ను కావాలని ఆపిందని రాసి ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ మాటను ఈనాటికీ ఎవరూ కొట్టేయలేదు.

2011లో నేను జనగామ కేంద్రంలో సిస్టమ్స్ సూపర్‌వైజర్‌ని. మాది పల్లెల్లోని మెడికల్ షాపులకు, చిన్న దవాఖానలకు మందులు చేరవేసే ప్రైవేటు సంస్థ. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలలో మూడు కేంద్రాలుండేవి. మా పైఅధికారి హైదరాబాద్‌లో ఉండే రీజినల్ మేనేజర్. నా చదువు పదో తరగతి దగ్గరే ఆగింది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను పాత పుస్తకాల బజారులో కొన్న పుస్తకంతో, చెడగొట్టి బాగుచేసుకుంటూ నేర్చుకున్నాను. మహబూబాబాద్ కేంద్రంలో పనిచేసే కమలకు నేర్పింది నేనే. ఆ ఊరి దగ్గరి తండా అమ్మాయి. ఇంట్లో లంబాడీ, ఆఫీసులో తెలుగు, మేనేజర్ ఫోన్ చేస్తే మౌనం.

అవి తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులు. ఏ ఊళ్లో ఎప్పుడు బంద్ పడుతుందో మేనేజర్‌కు తెలిసేది కాదు. ఉద్యమం వాళ్లు మందుల బండిని వదిలినా, దాని ముందు నిలిచిపోయిన లారీలు దారి ఇచ్చేవి కావు. ఐసు కరిగి ఇన్సులిన్ పాడయ్యేది. అందుకని కమల ఒక చిన్న ఫైలు రాసింది. ఊళ్లవారీగా బంద్ రోజులు అందులో వేస్తే, బండి ఎప్పుడు బయల్దేరాలో అది చెప్పేది. దానికి క్యాలెండర్ అని ఇంగ్లిషు అక్షరాల్లో పేరు పెట్టింది.

“గోడ మీది క్యాలెండర్ల పండుగలుంటయి గని బంద్‌లు ఉండయి గదన్నా. గందుకే మనది మనమే రాసుకోవాలె,” అంది నాతో.

పైథాన్‌లో ఒక్కో ఫైలు ఒక మాడ్యూల్. ఒక ప్రోగ్రాం మరో మాడ్యూల్‌ను పేరుపెట్టి పిలుచుకోవడమే ఇంపోర్ట్. పిలిస్తే యంత్రం మొదట ఆ ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్‌లో వెతుకుతుంది. అక్కడ లేకపోతేనే భాషతోపాటు వచ్చిన మాడ్యూళ్ల దగ్గరికి పోతుంది. ఎక్కడా దొరక్కపోతే, ఆ పేరుతో మాడ్యూల్ ఏదీ లేదని ఒక్క ముక్క చెప్పి ఆగిపోతుంది. ఏ నెలకు ఎన్ని రోజులో చెప్పే క్యాలెండర్ మాడ్యూల్ ఒకటి పైథాన్‌తోనే వస్తుంది. మహబూబాబాద్‌లో దాని అవసరం ఎవరికీ పడలేదు కాబట్టి కమల ఫైలు నిక్షేపంగా నడిచింది.

సమ్మె మధ్యలో మూడు కేంద్రాల ప్రోగ్రాములనూ భూపాలపల్లి కంప్యూటర్‌లోకి చేర్చమని ఉత్తర్వు వచ్చింది. కేంద్రానికొక ఫోల్డర్ చేసి ప్యాకేజీలుగా ఉంచండని చెప్పాను. ప్యాకేజీలో ఉన్న మాడ్యూల్‌ను, ప్యాకేజీ పేరును ఇంటిపేరులా ముందు కలిపి పిలవాలి. అప్పుడు మహబూబాబాద్ క్యాలెండర్ వేరు, పైథాన్ క్యాలెండర్ వేరు. మేనేజర్ వినలేదు. అంత తీరిక లేదని అన్నీ ఒకే ఫోల్డర్‌లో గుమ్మరించమన్నాడు. మరునాడు, నెల లెక్కన బండ్లకు సరుకు కేటాయించే ప్రధాన ప్రోగ్రాం క్యాలెండర్‌ను పిలిస్తే పక్కనే ఉన్న కమల ఫైలు పలికింది. నెలకు ఎన్ని రోజులంటే దానికేం తెలుసు? పనంతా ఆగింది. మహదేవపూర్ వైపు బండి కదల్లేదు.

మేనేజర్ ఆ ఫైలును తీసేయించాడు. అయినా ప్రోగ్రాం నడవలేదు. అక్కడే ఆయన అనుమానం ముదిరింది. కమల అంతకుముందు మహబూబాబాద్ రైల్వే స్టేషన్ ముందు ఉద్యమం వాళ్లు రోడ్డు మీదే వండి తినే వంటావార్పులో కూర్చుని రొట్టెలు చేసిందని ఆయన చెవిన పడింది. ఆమెను భూపాలపల్లికి రప్పించి, అందరూ వినేలా ఫోన్ స్పీకర్‌లో పెట్టించి, ఉద్యమం కోసం మిషన్ ఆపావు, లోపల ఇంకా ఏదో దాచావు అన్నాడట. నేనింకా జనగామ నుంచి దారిలోనే ఉన్నాను. తరువాత ఇదంతా చెప్పింది డ్రైవర్ యాకూబ్ భాయ్.

“మందులాపితే తెలంగాణ వస్తదా సార్? మా తండల గూడ షుగరోళ్లున్నరు,” అందట కమల.

“గా రొట్టెలు నేను గూడ తిన్న సార్. ఇగ నన్ను గూడ తీసెయ్‌రి,” అన్నాడట యాకూబ్ భాయ్. ఆయన్ను తీసేస్తే బండి నడిపేవాడు లేడు. కమలను తీసేశారు.

నేను చేరేసరికి ఆమె వెళ్లిపోయింది. ఫోల్డర్ తెరిచి చూశాను. మాడ్యూల్‌ను మొదటిసారి పిలిచినప్పుడు పైథాన్ దాన్ని తనకు అనువుగా మార్చుకుని ఒక నకలు దాచుకుంటుంది. అప్పటి వెర్షన్‌లో ఆ నకలు ఫైలు పక్కనే ఉండేది, అసలు ఫైలు తీసేసినా అదే పలికేది. దాచింది కమల కాదు, పైథాన్. ఆ నకలు తుడిచేశాను. ప్రోగ్రాం నడిచింది. మేనేజర్‌కు చెబితే, నడిచింది కదా, ఇక వదిలేయమన్నాడు.

నేను వదల్లేదు. కమల ఎక్కడ ఉద్యోగానికి పోయినా వాళ్లు మా ఆఫీసుకు ఫోన్ చేసేవారు, మావాళ్లు అదే మాట అప్పజెప్పేవారు. చివరికి ఆమె తల్లితో కలిసి మిరపతోటల్లో కూలికి పోయింది. ఒకసారి జనగామ వచ్చి, “నాకు కొలువు వద్దన్నా. నేను ఆపలేదని ఒక్కమాట రాసియ్యమను, సాలు,” అంది. రాష్ట్రం వచ్చిన రోజు మా ఆఫీసులో మిఠాయి పంచారు. ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు. ఆ ఒక్కమాట కోసం హైదరాబాద్ ఆఫీసుకు ఉద్యోగంలో ఉండగా రాశాను, రిటైరయ్యాక కూడా రాశాను.

యంత్రం చేతికి అందినదాన్నే పట్టుకుంటుంది. ఎక్కడ వెతకాలో సరిగ్గా చెబితే దారి మార్చుకుంటుంది. తప్పు ఎవరిదని వెతికే అధికారి కూడా చేతికి అందిన మనిషినే పట్టుకుంటాడు, చెప్పినా మార్చుకోడు. ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది ఇంతే.

చివరికి జవాబు వచ్చింది: “మీ సాంకేతిక సూచనకు ధన్యవాదాలు. ఫోల్డర్లను వేరు చేశాము. మీరు ప్రస్తావించిన కమల అనే పేరుతో ఉద్యోగిని ఎవరూ మా రికార్డులలో లేరు.”