సుక్కమ్మ అడిగిన తిమింగలం

సిద్దిరాములు, నేను పద్దెనిమిదేళ్ళు కలిసి టైల్స్ పని చేశాం. దిల్‌సుఖ్‌నగర్ అపార్టుమెంట్లలో మేం పరిచిన బండల మీద ఇప్పుడు ఎవరెవరో నడుస్తున్నారు. వాడు మాట తక్కువ మనిషి. భార్య సుక్కమ్మ ఇంకా తక్కువ. మాకు ఇసుక, కలిపిన సిమెంటు మాలు అందించేది ఆమే. ఇన్నేళ్ళలో నోరు తెరిచి ఒక్క చీర కూడా అడగలేదని వాడే చెప్పేవాడు.

అలాంటిది ఒకరోజు తిమింగలం చూపించమంది.

దానికి కారణం అమ్మాజీ. భీమిలి నుంచి వచ్చి కొత్తపేటలో ఇడ్లీ బండి పెట్టుకుని, వీళ్ళ పక్క గదిలోనే కిరాయికి ఉండేది. చిన్నప్పుడు తండ్రి పడవలో పోతుంటే తల్లీ పిల్లా రెండు తిమింగలాలు పక్కన తేలాయని, అవి చిమ్మిన తుంపర తన మొహం మీద పడిందని చెప్పింది. మరునాడు సుక్కమ్మ మాలు తట్ట దించి, మొగుడి ముందు నిలబడింది.

"ఏమయ్యా, గా అమ్మాజీ జెప్పింది ఒక్కసారి సూడాలె."

"ఏంది, సముద్రమా?"

"సముద్రం గాదు. అండ్ల తిమింగలం."

ఆమె అటు పోయాక సిద్దిరాములు నాతో మెల్లగా అన్నాడు. "ఇప్పుడు కాదంటే ఇది మళ్ళ ఎన్నడు ఏదడగదురా."

అమ్మాజీ తమ్ముడికి భీమిలిలో పడవ ఉంది. చలికాలంలో వేటకు పోయినవాళ్ళకు ఎప్పుడైనా ఒకటి కనిపిస్తుందని, అయితే మాటివ్వలేనని ఫోన్లో చెప్పాడు. అవి తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. రెండుసార్లు ప్రయాణం పెట్టుకున్నాం. రెండుసార్లూ బంద్ పడి బస్సు కదల్లేదు. చివరికి ఎల్‌బీనగర్ అడ్డా మీద జీపు నడిపే ఉపేందర్ మమ్మల్నీ అమ్మాజీనీ తీసుకెళ్తానన్నాడు.

అప్పట్లో చాలామంది చేసినట్టే ఉపేందర్ కూడా నంబరు ప్లేటు మీద ఏపీ చెరిపి, ఎర్ర రంగుతో టీజీ అని రాయించుకున్నాడు. దాంతో కోస్తాకు పోతే జీపు అద్దాలు మిగలవని ఎవడో అన్నాడు. సిద్దిరాములుకు భయం పట్టుకుంది. అక్షరాలు తీసెయ్యమని ఉపేందర్‌ని అడగలేడు. అమ్మాజీని అడిగితే తేలిపోయేది. కానీ ఆ రెండు గదుల మధ్య చట్నీ గిన్నె అటూ ఇటూ నడిచేది గానీ, ఉద్యమం మాట నడిచేది కాదు.

అందుకే బయల్దేరే రోజు పొద్దున, ఉపేందర్ చాయ్ తాగుతున్నప్పుడు, టైల్స్ సందుల్లో నింపే తెల్ల సిమెంటు కలిపి ఆ రెండక్షరాల మీద నేనూ వాడూ నున్నగా పట్టించాం. పని మంచిగా వచ్చింది. ఆరడానికి టైం చాలదన్న సంగతి మాత్రం మేస్త్రీలిద్దరికీ తట్టలేదు.

అందరం ఎక్కి కూర్చున్నాక ఉపేందర్ జీపు ముందు కొబ్బరికాయ కొట్టి, నీళ్ళు బంపరు మీద, ప్లేటు మీద చల్లాడు. సిమెంటు పాలలాగా కారింది. ముందు టీ అక్షరం బయటపడింది, వెనకే జీ.

"గిదేంది! ఎవడ్రా తెలంగాణ మీద సిమెంట్ పూసింది?"

అడ్డా అంతా మూగింది.

"సిద్దన్నా, నువ్వే గదనే? చేతులింక తెల్లగనే ఉన్నయి."

"ఏమన్న గాని, పూత మాత్రం సాఫ్ కొట్టిండు!"

ఉపేందర్ నవ్వలేదు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "దిగుండ్రి. గీ బండి యాడికి పోదు."

"భయపడ్డనే, ఉపేందర్" అన్నాడు సిద్దిరాములు తల దించుకుని. "గాడ అద్దాలు పలగ్గొడ్తరన్నరు. నీ బండికేమన్న అయితే ఎట్ల?"

 సుక్కమ్మ సంచి చంకన పెట్టుకుని దిగడానికి కాలు కింద పెట్టింది.

అమ్మాజీ ఆమె రెక్క పట్టి లోపలికి లాగింది. "ఏటి దిగిపోతన్నావు? కూకో." తర్వాత సిద్దిరాములు వైపు తిరిగింది. "ఏటన్నయ్యా, ఈ ముక్క నన్నడిగితే నానేటి కొరికేత్తానా?"

తమ్ముడికి ఫోన్ కలిపి, సంగతి చెప్పి, అందరికీ వినబడేలా పట్టుకుంది.

"నా పడవ మీద నంబరే ఉప్పుకి సెరిగిపోయి మూడేళ్ళయిపోనాది" అన్నాడతను. "ఆళ్ళ జీపు నంబరు ఎవుడు సూత్తాడే? వొడ్డున మా ఇంటికాడ ఎట్టుకోమను. అది సరేగానీ, ఆ వదినకి పడవలో వాంతులవుద్దేమో. నిమ్మకాయలట్టుకు రమ్మను."

అడ్డా ఘొల్లుమంది. ఉపేందర్‌కి కూడా నవ్వాగలేదు. "మూడేండ్ల సంది నంబరే లేదట! గాయన నాకన్న పెద్ద ఉద్యమకారుడున్నడు."

సిద్దిరాములు తడిగుడ్డతో ప్లేటు తుడిచాడు. మెరిసేదాకా తుడిచాడు. జీపుకు కట్టి ఉన్న నిమ్మకాయల మీద నేను చెయ్యి వేస్తే ఉపేందర్ కసిరాడు. "గవి దిష్టియి. వేరేవి కొనుక్కరా."

జీపు కదిలింది. ఊరు దాటాక సుక్కమ్మ మొగుడి వైపు తిరిగింది.

"ఏమయ్యా, గది ఈసారి కనవడకుంటె మళ్ళొకపారి పోదామా?"

సిద్దిరాములు గట్టిగా ఊపిరి వదిలి, నా భుజం మీద ఒక్క దెబ్బ వేశాడు.

"ఇన్నవారా? ఇంకోటడిగింది!"