నోటీసు కింద చుక్క

వెబ్‌సైట్లు చేయడం నా పని. ఛత్తీస్‌గఢ్‌లోని బచేలిలో మా ఇంటి ముందు గదే నా ఆఫీసు. నాన్న కిరందుల్ రైల్వే లైన్లో పనిచేసి రిటైరయ్యాక కూడా మేము విజయనగరం తిరిగి వెళ్లలేదు.

మా ఊళ్లోని ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రానికి చేసిన సైటు మాత్రం నా ప్రాణం తోడేసింది. చూపులేని వాళ్లకు ఫోన్ చదివి వినిపించేలా ఎంతో శ్రద్ధగా చేసి అప్పగించాను. అక్కడి గుమాస్తా నోటీసులన్నీ కాగితం మీద రాసి, ఫోటోలు తీసి, వాటినే సైట్లో పెట్టడం మొదలుపెట్టాడు. టైపు చేసిన అక్షరాలను ఫోన్ చదువుతుంది. చేతిరాత ఫోటో దానికి ఒట్టి బొమ్మే. ఎన్నిసార్లు చెప్పినా ‘సరే సరే’ అనేవాడు.

అక్కడ చూపులేని అమ్మాయి ఒకతి చదివేది. సొంతూరు తెలంగాణ సరిహద్దులోని తర్లగూడ. గీదంలో మేనత్త దగ్గర ఉంటూ బస్సులో వచ్చేది. సైటు తయారవుతున్నప్పుడు వాడి చూసి తప్పులు చెప్పింది తనే. ఓ వానాకాలం పొద్దున ఫోన్ చేసింది.

“అక్కా, సెంటర్‌కు తాళమేసి ఉన్నది. ఇయ్యాల పరీక్ష లేదా ఏంది?”

సైటు తెరిచాను. పరీక్ష వాయిదా అని హిందీలో చేతిరాత, వంకరగా తీసిన ఫోటో. నేను స్కూటీ మీద వెళ్లేసరికి మెట్ల మీద కూర్చుని తడిసిన చున్నీ పిండుకుంటోంది.

“నిన్న సైటు చూడలేదా?” అన్నాను.

“చూసిన. ఫోను హిందీల ‘ఛవి’ అన్నది. మల్ల నొక్కిన, మల్ల ‘ఛవి’ అన్నది. బొమ్మ అంటే ఏం బొమ్మ? నాకెట్ల తెలుస్తది?”

ఇద్దరం సెంటర్ నడిపే ఆయన ఇంటికి వెళ్లాం. ఆయన హిందీలో ఎంతో మర్యాదగా, “నా నంబర్ తీసుకో బేటీ. ఏం కావాలన్నా అడుగు” అన్నాడు.

“అందరూ ఫోన్లో చూసుకుంటారు. నేనొక్కదాన్నే అడుక్కోవాలా సార్?” అందా పిల్ల, హిందీలోనే.

ఆయన నా వైపు తిరిగాడు. “ఒక్కరి కోసం ఇంత గొడవెందుకు?”

నా ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి, ఫోటో కింద అక్షరాల్లో ఏమీ రాయకపోతే నోటీసు ఎక్కకుండా సైటు మార్చేశాను. ఆ వారంలోనే కొత్త నోటీసు ఎక్కింది. ఫోటో, దాని కింద ఒకే ఒక్క చుక్క.

గుమాస్తా దగ్గరికి పరుగెత్తాను. ఆయనదీ మాలాగే రైల్వే కుటుంబం, శ్రీకాకుళం వైపువాళ్లు.

“ఏటి సెల్లీ, ఏదో ఒకటి రాయకపోతే ఎక్కనంది. సుక్కెట్టాను. ఎక్కేసింది కదా!”

“ఆ చుక్కని ఆ పిల్ల ఏం చదువుకుంటుంది?” అని అరిచాను.

ఆయన కీబోర్డు నా ముందుకు తోశాడు. “నాకీ హిందీ టైపింగు రాదమ్మా. ఒక్కో అచ్చరం ఎతికేసరికి పొద్దు పోతాది.”

మాట్లాడితే రాసుకునే పద్ధతి ఆయన ఫోన్లో పెట్టి ఇచ్చాను. ఆయన యాసకు అది సగం మాటలు తప్పు రాసింది. ఇద్దరం కూర్చుని దిద్దాం.

ఇప్పుడు నోటీసులు చాలావరకు అక్షరాల్లోనే వస్తున్నాయి. ఆయన సెలవు పెడితే మళ్లీ ఫోటోలే.

ఆ అమ్మాయి కోర్సు పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కుంటోంది. మొన్న ఇంకెవరో చేసిన దరఖాస్తు సైటు దగ్గర ఆగిపోయి ఫోన్ చేసింది. మనిషే అని రుజువు చేసుకోడానికి బొమ్మలో వంకర అక్షరాలు చూసి రాయమంటోందట.

“ఇది ఎవలు చేసిన్రక్కా? జర దొరికిచ్చుకో, తిడ్త.”

వీడియో కాల్‌లో స్క్రీన్ చూపించమని అడిగి, ఆ అక్షరాలు నేనే చదివి చెప్పాను. తను టైపు చేయడం పూర్తయ్యేలోపే గడువు దాటి, వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి.